మాత్రలు మానినవాడే గెలిచిన ఆట

వార్డులో ఇంజెక్షన్ ట్రే పట్టుకుని తిరిగే సిస్టరమ్మగానే మీకు నేను తెలుసు. డ్యూటీ దిగాక నాకు ఇంకో పని ఉంది. సెలైన్ డబ్బాల అట్టలు కత్తిరించి, గళ్లు గీసి, కొత్త ఆటలు కడుతుంటాను. "యాభై దాటినాక ఈ పిల్ల చేష్టలేంది?" అని ఇంట్లో నవ్వుతారు.

పులివెందులలో మా అవ్వ ఇంటి అరుగు బండ మీద పులి-మేక గీతలు చెక్కి ఉండేవి. మూడు పులులు, పదిహేను మేకలు. నా పిచ్చికి మొదలు అక్కడే. ఇది చిన్నతనం పని అనుకునేవారికి మైసూరు రాజు మూడవ కృష్ణరాజ ఒడయార్ (1794-1868) సంగతి చెబుతాను. ఆయన ఎన్నో పేకాటలు, పలక ఆటలు సొంతంగా కల్పించారు. నాకు ఇంకా దగ్గరైన మనిషి ఎలినార్ అబ్బాట్ అనే అమెరికా పంతులమ్మ. 1948లో శాన్‌డియెగోలో పోలియో నుండి కోలుకుంటూ, తోటి రోగులైన పిల్లల కోసం ఒక ఆట కట్టింది. చదువు రాకపోయినా రంగు చూసి నడపొచ్చు. మరుసటి ఏడు అది 'క్యాండీ ల్యాండ్' పేరుతో అంగళ్లకు వచ్చింది. ఆసుపత్రి మంచం మీద పుట్టిన ఆట అది!

నాచేత ఆట కట్టించింది క్షయ రోగం. మామూలు ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలు మందులు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. చాలామందికి ఆ రెండు నెలల్లోపే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. అక్కడే మానేస్తారు. అలా మానిన ఒక యువకుణ్ణి ఎనిమిది నెలల తర్వాత మళ్లీ చేర్చుకున్నాం. ఈసారి అతని చిన్న కూతురు కూడా దగ్గుతోంది. "చెప్పాను కదా నాయనా" అన్నాను. చెప్పడం చాలలేదని ఆ రాత్రి అర్థమైంది.

24 గళ్లు గీశాను, వారానికి ఒకటి. ఖర్చులకు చింతగింజలు, ఒక్కో గింజ వంద రూపాయలు. మాత్రలు తప్పితే ఒక ఆట పోయినట్టు. వైకుంఠపాళిలో పాములాగే అన్నమాట. ఆడించి చూస్తే ఎవరికీ రుచించలేదు. ఏది తప్పో ముందే తెలుస్తుంటే ఆడేదేముంది? పైగా చీనీ తోటల్లో కూలి చేసే ఒకామె గళ్లన్నీ చూసి అడిగింది: "సిస్టరమ్మా, ఇందులో కూలికి పోయే దినం యాడుంది? కాయ కోతకు పిలిస్తే మాత్రలకు పోవాల్నా, కూలికి పోవాల్నా?"

నిజమే, ఆ గడి నాకు తట్టలేదు. 'కోతకు పిలుపు' ముక్కలు చేర్చాను. కూలికి పోతే మూడు గింజలు వస్తాయి, ఆ వారం మాత్రలు అందవు. ఈసారి నర్సింగ్ విద్యార్థినులు కేకలు పెట్టి ఆడారు. గెలిచింది ఎవరనుకున్నారు? తొమ్మిదో వారంలో మాత్రలు మాని, రోజూ కూలికి పోయిన పిల్ల! నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆట అబద్ధం చెప్పలేదు. మానినవాడు కొన్నాళ్లు గెలిచినట్టే కనిపిస్తాడు.

అందుకే శిక్షను వెనక్కి జరిపాను. మానినవారు మడిచిన చీటీ ఒకటి తీసి, చూడకుండా తొడ కింద పెట్టుకోవాలి. 24వ గడిలోనే విప్పాలి. కొన్ని ఖాళీ చీటీలు. కొన్నింట్లో 'దగ్గు తిరిగొచ్చింది' అని ఉంటుంది, పక్కన కూర్చున్నవారు కూడా మొదటి గడికి పోవాలి. ఆ పక్కనున్న పిల్ల మొహం చూడాలి మీరు!

పోషణకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2018 నుండి నెలకు 500 రూపాయలు, అంటే ఐదు గింజలు. 2024 నవంబరులో అది 1000 అయింది, నేనూ పది గింజలు చేశాను.

అన్నిటికంటే ఎక్కువ వాదన రేపిన ముక్క 'నీ బదులు నేను తెస్తా'. ఒకరు తన గింజ ఖర్చు పెట్టి ఇంకొకరి మాత్రలు తెచ్చిపెట్టొచ్చు. మొదట ఎవరూ వాడరు. ఒకసారి చీటీ దెబ్బ తగిలాక అందరూ దాని కోసమే వెతుకుతారు. ఆ ముక్క చూసే, డిశ్చార్జి రోజున "మాత్రలు సరిగా వేసుకోండి" అన్న తర్వాత ఇంకో మాట అడగడం మొదలుపెట్టాం: "మీరు కూలికి పోయిన రోజు మీ మాత్రలు ఎవరు తెస్తారు?" ఆ పేరు కేసు షీటు మీద రాసుకుంటున్నాం.

చీనీ తోటల అమ్మ మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు కొత్త ఆట ఆడింది, ఓడిపోయింది. గింజలు తక్కువ ఇచ్చానని నాతో పోట్లాడి పోయింది.