మీ రోబో స్పాట్‌లో ఎందుకు తిరగట్లేదు? తేలికైన డ్రైవ్ బేస్ డిజైన్

ఈ ఎపిసోడ్‌లో కాలేజీ ఫెస్ట్‌ల రోబో సాకర్‌కి పనికొచ్చే సింపుల్ డ్రైవ్ బేస్ గురించి మాట్లాడుకుందాం. డ్రైవ్ బేస్ అంటే ఇంకేం లేదు, ఫ్రేము, మోటార్లు, చక్రాలు. పైన ఎంత మంచి కిక్కర్ పెట్టినా, కింద బండి సరిగ్గా తిరగకపోతే బాల్ దగ్గరికే వెళ్లలేరు.

ఎక్కువమంది నన్ను అడిగేది ఇదే: "అన్నా, నాలుగు జాన్సన్ మోటార్లు పెట్టాం. స్ట్రెయిట్‌గా బాగానే పోతోంది, స్పాట్‌లో తిప్పితే మాత్రం వణుకుతోంది, మోటార్ డ్రైవర్ కాలిపోతోంది."

తోపుడు బండి మీద అరటిపళ్లు అమ్మే ఆయన్ని ఒకసారి గమనించండి. ఆ బండి చక్రాలు పక్కకి మళ్లవు కదా. మలుపు దగ్గర ఆయన హ్యాండిల్‌ని కిందకి నొక్కుతాడు. ముందు చక్రాలు పైకి లేస్తాయి, బండి వెనక రెండు చక్రాల మీద ఈజీగా తిరుగుతుంది. నొక్కకుండా తిప్పితే నాలుగు చక్రాలూ నేల మీద పక్కకి ఈడ్చుకుంటూ పోవాలి. మీ రోబోలో జరుగుతున్నది అదే. కరెంటంతా ఆ ఈడ్పుకే పోతోంది.

అందుకే ఫస్ట్ మార్పు ఖర్చు లేనిది. ముందు వెనక చక్రాల మధ్య దూరం తగ్గించండి, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం పెంచండి. 20 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు ఉన్న బేస్ దానికి రివర్స్‌లో ఉన్నదాని కంటే చాలా తేలిగ్గా తిరుగుతుంది.

అమెరికాలో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో చాలా టీములు ఆరు చక్రాల బేస్ వాడాయి. మధ్య జతని సుమారు 3 మిల్లీమీటర్లు కిందకి దించుతారు. దాంతో ఒకేసారి నాలుగు చక్రాలే నేలని తాకుతాయి, అవి కూడా దగ్గర దగ్గరగా ఉన్నవి. అచ్చం తోపుడు బండి ట్రిక్కే! అయితే మన చిన్న బాట్‌కి ఆ బెల్టులు, ఎక్స్‌ట్రా చక్రాలు అనవసరం. వెనక రెండు మోటార్లు, ముందు ఒక బాల్ కాస్టర్ చాలు. ఒక్క ఇబ్బంది ఉంది, పక్క నుంచి ఎవరైనా గుద్దితే ముందు భాగం జారిపోతుంది. డిఫెన్స్ ఆడాలంటే మాత్రం నాలుగు చక్రాలే పెట్టండి.

ఇక బరువు. 30 బై 30 సెంటీమీటర్లు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప ప్లేటు సుమారు 2.1 కేజీలు తూగుతుంది. బరువు తగ్గించాలని దానికి 10 మిల్లీమీటర్ల హోల్స్ వంద కొడతారు. చూడ్డానికి భలే ఉంటుంది కానీ తగ్గేది 185 గ్రాములే! అదే అల్యూమినియం కిటికీలు చేసే షాపులో దొరికే 19 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు, గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లది తీసుకోండి. 30 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కలిపి 340 గ్రాములు. ఫ్రేమ్ అయిపోయింది. మిగిలిన బరువులో బ్యాటరీని చక్రాల మధ్యలో, వీలైనంత కింద పెట్టండి.

మోటార్ కొనేముందు ఒక చిన్న లెక్క వేయండి. బాట్ 5 కేజీలు, చక్రం పట్టు 0.8 అనుకుందాం. నెట్టగలిగే బలం మొత్తం 4 కేజీలు, నాలుగు మోటార్లకి పంచితే ఒక్కోదానికి ఒక కేజీ. చక్రం వ్యాసార్థం 5 సెంటీమీటర్లు కాబట్టి 5 కేజీ సెంటీమీటర్ల టార్క్ కావాలి. మోటార్ ఆగిపోయే టార్క్ దీనికి కనీసం రెట్టింపు ఉండేలా చూసుకోండి. 300 ఆర్‌పీఎం అయితే ఖాళీగా సెకనుకి ఒకటిన్నర మీటర్ల స్పీడ్ వస్తుంది, చిన్న అరీనాకి అది ఎక్కువే.

ఎల్‌298ఎన్ డ్రైవర్ మాత్రం వద్దు. ఒక్కో ఛానల్ లిమిట్ 2 ఆంపియర్లు, పైగా 12 వోల్ట్‌లు ఇస్తే సుమారు 2 వోల్ట్‌లు అదే తినేస్తుంది. ఏ డ్రైవర్ కొనాలో, వైరింగ్ ఎలాగో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఈలోపు ట్యూబులు కోసి ఉంచండి.