చిటికెన వేలి గోరుపై కిలో గాలి!

మీకు తెలుసా? సైన్స్ ఫిక్షన్ కథల్లో సముద్రం అడుగునైనా, శుక్రుడి మీదైనా ఒత్తిడిని చెప్పడానికి పనికొచ్చే కొలత 'అట్మాస్ఫియర్'. సముద్ర మట్టం దగ్గర గాలి మనల్ని నొక్కే ఒత్తిడే ఒక అట్మాస్ఫియర్. చిటికెన వేలి గోరంత చోటు మీద సుమారు కిలో! గాలి తేలికని ఎవరన్నారండీ?

మీకు తెలుసా? జూల్ వెర్న్ నవల 'ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ'లో ఒక ప్రొఫెసర్ ఈ లెక్కతోనే తిమింగలాల వేటగాడు నెడ్ ల్యాండ్‌ను హడలగొడతాడు. ఊరికే నిలబడ్డా నెడ్ ఒంటిపై 17 వేల కిలోల పైనే! ఒంటి లోపలా అంతే ఒత్తిడి ఉంది కాబట్టి బతికిపోయాడు. మనమూ అంతే!

మీకు తెలుసా? ఆ నవల పేరులోని 20 వేల లీగులు లోతు కాదు, తిరిగిన దూరం. 80 వేల కిలోమీటర్లు! అదే లోతైతే భూమిని ఆరుసార్లు దూసుకుపోవచ్చు!

మీకు తెలుసా? ఆ నవలలో కెప్టెన్ నెమో జలాంతర్గామి నాటిలస్ 16,000 మీటర్ల లోతుకు దిగి 1,600 అట్మాస్ఫియర్లను తట్టుకుంటుంది. నిజంగా భూమ్మీద అత్యంత లోతైన చోటు 11,000 మీటర్ల లోపే. సముద్రం అయిపోయినా నెమో ఆగలేదు!

మీకు తెలుసా? ఆ అసలు లోతుకు 1960లో 'ట్రియెస్ట్' నౌకలో ఇద్దరు దిగారు. దారిలో ఒక కిటికీ అద్దం ఫట్‌మని పగిలింది. అయినా అడుగు చూసే వచ్చారు. గుండెలు తీసిన బంట్లు!

మీకు తెలుసా? కార్టూన్ సీరియల్ 'ఫ్యూచరామా'లో అంతరిక్ష నౌక సముద్రంలో మునుగుతుంది. ఎన్ని అట్మాస్ఫియర్లు తట్టుకుంటుందని అడిగితే, సున్నాకీ ఒకటికీ మధ్య అంటాడు ప్రొఫెసర్. సైన్స్ ప్రకారం నూటికి నూరు మార్కులు! అంతరిక్షంలో బయట నొక్కేదేముంది?

మీకు తెలుసా? 'ది మార్షియన్' నవల కథంతా రాకెట్‌ను పడదోయబోయే అంగారకుడి తుపానుతోనే మొదలవుతుంది. కానీ అక్కడి గాలి ఒత్తిడి మన దాంట్లో నూరో వంతు కూడా లేదు. ఎంత హోరుగాలైనా రాకెట్‌ను పడదోయలేదు. పిల్లగాలే!

మీకు తెలుసా? శుక్రుడి నేల మీద ఒత్తిడి సుమారు 92 అట్మాస్ఫియర్లు. 1982లో అక్కడ దిగిన సోవియట్ వ్యోమనౌక 'వెనెరా 13' 127 నిమిషాలు పనిచేసింది. ఒక సినిమా చూసేంత సేపు!

ఆఖరి ప్రశ్న మీ ఇంట్లో పిల్లలకి. కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఎన్ని అట్మాస్ఫియర్లు? జవాబు: దాదాపు 2!