గుండె జబ్బుకు ఏ నూనె మేలు?

ఇంట్లో అబ్బాకో, అమ్మీకో గుండెకు స్టెంట్ వేశారనుకోండి. మాత్రలు వేళకు ఇస్తాం, ఉప్పు తగ్గిస్తాం. నూనె దగ్గరికొచ్చేసరికి "కాస్త తక్కువ వెయ్యి" అని ఊరుకుంటాం. ఎంత నూనె అన్నదే కాదు, ఏ నూనె అన్నది కూడా ముఖ్యమే.

రక్తనాళంలో కొవ్వు చేరడమంటే పైపులో మడ్డి పేరుకోవడం లాంటిది కాదు. చెడు కొలెస్ట్రాల్ నాళం గోడలోకి దూరితే, దాన్ని తొలగించడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి. కొవ్వును మింగి అక్కడే చిక్కుకుపోతాయి. గోడ వాస్తుంది. పైపొర పలచబడి చిట్లితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. 2017లో వెలువడిన కాంటోస్ పరిశోధనలో, అంతకుముందు గుండెపోటు వచ్చిన 10,061 మంది పాల్గొన్నారు. కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపును మాత్రమే తగ్గించే ఇంజెక్షన్ ఒక మోతాదులో ఇస్తే, గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు సుమారు 15 శాతం తగ్గాయి.

ఈ వాపునే యునానీలో 'వరమ్' అంటారు. మన తెలుగు వరం కాదు సుమా! ఆరోగ్యాన్ని నిలిపే ఆరు కారణాలలో అన్నపానాలు ఒకటని హకీములు చెబుతారు. ఆహారంతో చేసే చికిత్సకు 'ఇలాజ్ బిల్ గిజా' అని పేరు. 1037లో మరణించిన ఇబ్నె సీనా గుండె మందులపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు.

మానవలసినవి

వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తుంది, వాపును కూడా రేపుతుంది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, వనస్పతిలో దీన్ని 2 శాతానికి మించనివ్వరాదని నియమం ఉంది. అయినా వనస్పతిలో గడ్డకట్టే కొవ్వు మిగిలే ఉంటుంది. గుండె రోగికి వలీమా బిర్యానీ అయినా, ఇంటి పరాఠా అయినా అది వద్దు. రంజాన్‌లో సమోసాలు వేయించిన నూనెనే మర్నాడు మళ్లీ కాచకండి. మాంసం వండే ముందు తెల్లని కొవ్వు తీసేయండి.

వాడుకోవలసినవి

పావగడ తాలూకా తిరుమణి వైపు మెట్టభూముల్లో శనక్కాయే ముఖ్యమైన పంట. ఇప్పుడు అక్కడ వేల ఎకరాల్లో సోలార్ పలకలు పరుచుకున్నాయి. శనగనూనె రుచి మాత్రం ఇళ్లలో పోలేదు. దాన్ని చూసి భయపడనక్కరలేదు. అందులో సగం దాకా ఆలివ్ నూనెలో ఉండే ఓలిక్ ఆమ్లమే. దాదాపు మూడో వంతు ఉండే లినోలిక్ ఆమ్లం వాపును పెంచుతుందని కొందరంటారు గానీ, మనుషులపై జరిగిన పరీక్షల్లో అది రుజువు కాలేదు. శనగనూనెకు ఉన్న లోటు ఒకటే. వాపును తగ్గించే ఒమేగా-3 అందులో దాదాపు లేదు.

ఆ లోటును అవిసె గింజలు తీరుస్తాయి. యునానీలో వీటిని తుఖ్మె కతాన్ అంటారు. ఈ గింజల నూనెలో సగానికి పైగా ఒమేగా-3 ఉంటుంది. దోరగా వేయించి, పొడి చేసి, రోజుకు ఒక చెంచా మజ్జిగలోనో రొట్టెపిండిలోనో కలుపుకోండి. నీళ్లు బాగా తాగండి. నాలుగు అక్రోట్ పలుకులు, వారానికి రెండుసార్లు చేపల పులుసు కూడా మంచివే. చేపను నూనెలో వేయించకండి. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో గుండెపోటు వచ్చిన 605 మందిపై జరిగిన పరిశోధన తుది ఫలితాలు 1999లో వచ్చాయి. వెన్న, మాంసం తగ్గించి, గింజల ఒమేగా-3, కూరగాయలు, పండ్లు పెంచినవారిలో రెండో గుండెపోటు చాలా తక్కువగా కనిపించింది.

ఒక హెచ్చరిక

నూనె మార్చామని ఆస్పిరిన్, స్టాటిన్ మాత్రలు ఆపకండి. రక్తం పలచబడే మందులు వాడేవారు అవిసె పొడి గానీ, చేపనూనె మాత్రలు గానీ మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి. మీ హకీముకు కూడా మందుల చీటీ చూపించండి. మంచి నూనె అయినా మనిషికి నెలకు అర లీటరుకు అటూ ఇటూ చాలు.

మందు రోగి ఒక్కరే వేసుకుంటారు, కూర మాత్రం ఇంటిల్లిపాదీ తింటారు. గిన్నెలో నూనె మారితే పిల్లల గుండెలకూ మేలే. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్, జాగ్రత్త పడవలసింది మనం.