తూటా మెడ: ఇత్తడి నేర్పే పాఠం

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలుంటాయి: బుల్లెట్, దానిని ముందుకు తోసే మందు, ఆ మందును రగిలించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి కేసు. పేల్చిన తరువాత మళ్లీ పనికివచ్చేది కేసు ఒక్కటే. అమెరికా వంటి దేశాలలో గురి పోటీలలో పాల్గొనేవారు ఖాళీ కేసును పారవేయక, సరిచేసి తిరిగి నింపుకొంటారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కనుక ఇది మన ఇళ్లలో చేసే పని కాదు. అయినా ఆ పనిలో ఎదురయ్యే ఒక చిన్న చిక్కు, లోహంతో పనిచేసే ప్రతివారూ తెలుసుకోదగినది.

మెడ బిగువు

పేల్చినప్పుడు పుట్టే పీడనానికి కేసు వ్యాకోచించి తుపాకీ చాంబరు గోడలకు అదుముకొంటుంది. దానితోపాటు మెడ కూడా వెడల్పవుతుంది. కొత్త బుల్లెట్ అందులో నిలవదు. అందుచేత ఉక్కు డైలో మెడను నొక్కి మళ్లీ ఇరుకు చేస్తారు. మెడ లోపలి వ్యాసం బుల్లెట్ వ్యాసం కంటే సుమారు 0.05 మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి. సన్నని తలవెంట్రుక మందం ఇంచుమించు ఇంతే. బిగువు చాలకపోతే బుల్లెట్ కేసులోనికి జారిపోవచ్చు. అప్పుడు మందుకున్న చోటు తగ్గి, పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. బిగువు ఒక్కొక్క తూటాకు ఒక్కొక్క తీరుగా ఉంటే గురి చెదురుతుంది.

లోపం ఎక్కడ?

మెడను డైలో నొక్కినా బుల్లెట్ వదులుగానే ఉన్నదనుకొందాం. వెంటనే డైని నిందించడం మానవ సహజం. కాని మూడు కారణాలలో ఏదైనా కావచ్చు.

మొదటిది గోడ మందం. బుల్లెట్ వ్యాసం 7.82 మి.మీ., మెడ గోడ మందం 0.36 మి.మీ. అనుకొంటే, బుల్లెట్ కూర్చిన మెడ వెలుపలి వ్యాసం 8.54 అవుతుంది. కాబట్టి మెడను 8.49 మి.మీ.కు నొక్కితే తగిన బిగువు వస్తుంది. అదే డైలో 0.33 మి.మీ. గోడ గల వేరొక తయారీ కేసును నొక్కితే లోపలి వ్యాసం 7.83 మి.మీ. అవుతుంది. బుల్లెట్ కంటే రంధ్రమే పెద్దది! డైలో దోషమేమీ లేదు. రెండు రకాల కేసులను కలపడమే దోషం.

రెండవది, డై మధ్యలో ఉండే ఎక్స్‌పాండర్ గుండు. కేసును వెనక్కు లాగేటప్పుడు ఇది మెడను లోపలినుండి కొంత వెడల్పు చేస్తుంది. దానిని తీసివేసి ఒక కేసును నొక్కి కొలవాలి. అప్పుడు బిగువు సరిపోతే గుండు పెద్దదన్న మాట. గుండు గరుకుగా ఉన్నా, మెడ లోపల కందెన లేకున్నా మెడ పక్కకు ఒరుగుతుంది.

మూడవది లోహపు గట్టిదనం. పేల్చిన ప్రతిసారీ, నొక్కిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది. గట్టిపడిన లోహం డై నుండి బయటికి రాగానే స్ప్రింగువలె కొంత వెనక్కు విచ్చుకొంటుంది. అదే రకం కొత్త కేసును అదే డైలో నొక్కి చూడాలి. కొత్తది సరిగా వచ్చి, పాతది రాకపోతే కారణం ఇదే. ఉపేక్షిస్తే కొన్నాళ్లకు మెడ చీలుతుంది.

దీనికి మందు ఎనీలింగ్, అంటే కాల్చి మెత్తబరచడం. మన కంచరులు చెంబును సాగగొట్టేటప్పుడు మధ్యమధ్య కొలిమిలో కాల్చేది ఇందుకే. అయితే తూటాలో మెడను మాత్రమే వేడిచేయాలి. అడుగుభాగానికి వేడి సోకితే అది మెత్తబడి, పీడనానికి తాళలేక పగిలి, తుపాకీ పట్టినవాని ప్రాణానికే ముప్పు తేవచ్చు.

గుర్రపుశాలలలో పగిలిన తూటాలు

ఈ కథలో మన దేశానికీ ఒక పాత్ర ఉన్నది. బ్రిటిష్ పాలనలో సైన్యం వానకాలంలో తూటాలను గుర్రపుశాలలలో నిలవచేసేది. వానలు వెలిసి బయటికి తీసేసరికి ఎన్నో కేసులు, ముఖ్యంగా బుల్లెట్‌ను బిగించిన మెడ వద్ద, పగిలి ఉండేవి. దీనికి సీజన్ క్రాకింగ్ అని పేరు వచ్చింది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు దీని కారణాన్ని వివరించారు. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, ఇత్తడిలో అణగి ఉన్న ఒత్తిడి కలిసి లోహాన్ని చీల్చాయి. బయటి బలమేదీ పనిచేయకపోయినా, తయారీలో మిగిలిన లోపలి ఒత్తిడే అందుకు చాలింది. తగిన వేడితో ఆ ఒత్తిడిని తొలగించడం, అమ్మోనియాకు దూరంగా ఉంచడం పరిష్కారాలయ్యాయి.

70 పాళ్ల రాగి, 30 పాళ్ల జింకు గల ఆ ఇత్తడిని నేటికీ కార్ట్రిడ్జ్ బ్రాస్ అనే పిలుస్తారు. దాని దగ్గరి బంధువులైన ఇత్తడి గొట్టాలు విద్యుత్ కేంద్రాల కండెన్సర్లలో పనిచేస్తాయి. నీటిశుద్ధిలో వాడే అమ్మోనియా అక్కడా ఇదే విధంగా పగుళ్లు తెస్తుంది. అమ్మోనియా శీతలీకరణ యంత్రాలలో ఇత్తడి అమరికలను వాడకపోవడానికి కారణం ఇదే.

కనుక మిత్రులారా, భాగం సరిగా కూర్చుండనప్పుడు పనిముట్టును మార్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకొందాం: ఈ ముక్క మందమెంత? ఏ దశలో కొలత మారింది? ఈ లోహం ఇంతకుముందు ఎన్ని దెబ్బలు తిన్నది? మైక్రోమీటర్ మొదటి రెండింటికి జవాబు చెబుతుంది. మూడవది లోహం పైకి కనబడనీయదు. దాని చరిత్రను మనం రాసిపెట్టుకొంటేనే తెలుస్తుంది.