పాత లారీలో ఆయిల్ ప్రెషరు ఎక్కువ చూపునపుడు

మన పాఠశాలకు పిల్లలను పంపుచున్న తలిదండ్రులలో లారీయే జీవనాధారముగా గలవారు అనేకులు. చింతామణి మార్కెట్టు నుండి టమాటా, చిక్కబళ్ళాపురము నుండి ద్రాక్షపండ్లు, పూలు, కాయగూరలు, బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాటి అనంతపురము, హైదరాబాదు వైపు పోవు సరకు, ఇవి యన్నియు వీరి చక్రముల మీదనే నడచుచున్నవి. క్రొత్త బండిని కొనగల శక్తి వీరిలో కొందరికే కలదు. తక్కినవారు ఇద్దరు ముగ్గురి చేతులు మారిన బండిని అప్పు చేసి కొనుచున్నారు. అట్టి బండి ఇంజను పట్టివేసిన నాడు ఆ యింటిలో మొదట వాయిదా ఆగును, పిదప పిల్లల ఫీజు ఆగును. ఈ రెండవది మేము ప్రతి సంవత్సరము ఆఫీసు రిజిష్టరులో చూచుచున్నదే. అందుచే ఈ విషయము పాఠశాల సంచికలో వ్రాయదగినదే యని తలచితిమి.

ఆయిల్ ప్రెషరు తగ్గినచో ప్రమాదమని డ్రైవరులందరును ఎరుగుదురు. ముల్లు పైకి పోయినపుడు మాత్రము చాలమంది సంతోషింతురు. "ఇంజను దిట్టముగా నున్నది" అని చెప్పుకొందురు. మనుష్యునికి రక్తపు పోటు ఎక్కువైనదని వైద్యుడు చెప్పినచో సంతోషించువా డెవ్వడును లేడు గదా!

ప్రెషరు ఎట్లు కలుగుచున్నదో మొదట తెలిసికొనవలెను. ఇంజను అడుగున చాంబరులో నున్న ఆయిలును పంపు పైకి లాగి, ఫిల్టరు గుండ పంపి, ఇంజను దిమ్మెలోని సన్నని దారులగుండ క్రాంకు బేరింగులకును, తక్కిన భాగములకును చేర్చును. పంపు చేయునది ఆయిలును నెట్టుట మాత్రమే. ఆ నెట్టుడునకు ఎదురగు అడ్డంకియే ముల్లు మీద ప్రెషరుగా కనబడును. ఈ మాట వినుటకు వింతగా నుండవచ్చును గాని, మన ప్రాంతపు రైతులకు ఇది క్రొత్త కాదు. వెయ్యి అడుగులు దాటిన బోరుబావి నీటిని డ్రిప్పు గొట్టములలోనికి వదలువారు ఫిల్టరునకు ముందొక మీటరును, తరువాత నొక మీటరును బిగించి యుందురు. ఫిల్టరులో మడ్డి చేరినపుడు ముందరి మీటరు ముల్లు పైకి లేచును. తరువాతి మీటరు ముల్లు క్రిందికి దిగును. తోటలో మొక్కలు ఎండును. ముందరి మీటరును మాత్రమే చూచి "నేడు నీరు బలముగా పారుచున్నది" అనుకొను రైతు ఉండడు. లారీలో నున్నది ఒక్క మీటరే. అది దారిలో ఎచ్చట బిగింపబడినదో డ్రైవరునకు సాధారణముగా తెలియదు. కావున ముల్లు పైన నున్నంత మాత్రమున బేరింగునకు ఆయిలు అందుచున్నదని అనుకొనరాదు. ఒక్కొక్కప్పుడు అందకపోవుటయే ముల్లు పైకి పోవుటకు కారణము.

ప్రెషరు మితిమీరకుండుటకై ప్రతి ఇంజనులో ఒక రిలీఫ్ వాల్వు ఉండును. స్ప్రింగుతో మూయబడిన చిన్న తలుపు వంటిది అది. ప్రెషరు ఒక హద్దును మించినపుడు ఆ స్ప్రింగును నెట్టుకొని తెరచుకొని, ఎక్కువైన ఆయిలును తిరిగి చాంబరులోనికి వదలును, తగ్గగానే మూసికొనును. దీనికి మన ప్రక్కనే ఒక మంచి ఉపమానము కలదు. చిక్కబళ్ళాపురమునకు సమీపమున నున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయమునకు తమంతట తామే తెరచుకొను తలుపులను రూపొందించిరి. 1903లో అవి అమర్పబడినవి. నీటి మట్టము హద్దు దాటినపుడు తెరచుకొని, తగ్గినపుడు మూసికొనుట వాని పని. మనిషి చేయి అక్కరలేదు. ఆ తలుపు తుప్పుపట్టి మూతపడియే యుండినచో కట్టకు ఏమగునో, రిలీఫ్ వాల్వు పట్టివేసినచో ఇంజనునకును అదియే యగును.

1954లో జంషెడ్‌పూరులో టాటా-మెర్సిడిస్ బెంజ్ లారీలు తయారగుట మొదలైన నాటి నుండియు, 1955లో అశోక్ లేలాండు ఏర్పడిన నాటి నుండియు, డీజిలు ఇంజనులు ఈ దారిని ఎరుగును. టాటా వారి 697 ఇంజను పేరు వినని మెకానిక్కు లేడు. అందులో 6 అనునది సిలిండరుల సంఖ్య. 97 అనునది సిలిండరు వ్యాసము, మిల్లీమీటర్లలో. ఇట్టి ఇంజనులకు వేడిమీద ఎంత ప్రెషరు ఉండవలెనన్నది కంపెనీ పుస్తకములో నుండును, అదియే ప్రమాణము. పుస్తకము దొరకనివారికి ఒక స్థూలమైన లెక్క కలదు. ఇంజను వేడెక్కిన పిదప ప్రతి వెయ్యి చుట్లకు సుమారు 10 పౌండ్లు, అనగా 0.7 కిలో, ఉండినచో పనికి చాలును. ఇచ్చట ఒక చిక్కు కలదు. కొన్ని మీటర్లమీద కిలోలు, కొన్నింటిమీద పౌండ్లు, కొన్నింటిమీద బారులు వ్రాయబడి యుండును. 1 కిలో 14.2 పౌండ్లకు సమానము. బారు కిలోకు ఇంచుమించు సమానము. నాలుగు అంకెకు అలవాటుపడిన డ్రైవరు, వేరొక బండినుండి తీసి బిగించిన మీటరు మీద 57 చూచి బెదరిపోయిన సందర్భము మాకు తెలియును. బండికి ఏ రోగమును లేదు!

కాబట్టి మొదటి అనుమానము ఇంజను మీద గాక మీటరు మీదనే యుండవలెను. తాళము త్రిప్పి, ఇంజను నడపకుండ చూడవలెను. ముల్లు సున్నకు రావలెను. ఇంజను ఆగియున్నను ముల్లు పైననే నిలిచినచో, దోషము మీటరుదో, తీగదో, ఇంజనుకు బిగించిన సెన్సారుదో యగును. ఇంజను వేగమును పెంచినను తగ్గించినను ముల్లు కదలక ఒక్కచోటనే యుండినను ఇట్లే అనుమానింపవలెను. సెన్సారు ఒక కంపెనీది, మీటరు మరొక కంపెనీది అయినచో రెండును బాగున్నను అంకె తప్పుగా నుండును. పాత బండ్లలో ఇది అరుదు కాదు. దీనిని తేల్చుటకు సులభమైన మార్గము ఒకటే. సెన్సారును విప్పి, ఆ రంధ్రమునకు గొట్టముతో పనిచేయు వేరొక మీటరును బిగించి ఇంజనును నడిపి చూచుట. కరెంటుతో పనిలేని ఈ జాతి మీటరులో వంపు తిరిగిన సన్నని గొట్టము ప్రెషరునకు విచ్చుకొని ముల్లును త్రిప్పును. ఫ్రాన్సు దేశీయుడగు బూర్డన్ 1849లో దీనిని కనిపెట్టెను. నేటికిని దీనినే నమ్ముచున్నారు. ఈ పరీక్ష చేయకుండ చాంబరు విప్పుదమను మెకానిక్కునకు ఆ దినము బండిని అప్పగింపకుండుట మేలు.

మీటరు నిజమే చెప్పుచున్నదని తేలినచో, రెండవ ప్రశ్న: ముల్లు ఎప్పుడు పైకి పోవుచున్నది? చల్లని ఇంజనులో ఆయిలు చిక్కగా నుండును. మార్గశిర పుష్య మాసములలో నంది కొండ చుట్టుప్రక్కల తెల్లవారుజామున బండిని నడపినపుడు ముల్లు పైకి పోవుట సహజము. అర్ధగంట నడచిన పిదప అది దిగవలెను. దిగినచో భయము లేదు. అయినను చల్లని ఇంజనును వెంటనే గట్టిగా రేసు చేయరాదు. చిక్కని ఆయిలు సన్నని దారులలో మెల్లగా పాకుచుండగా బేరింగులు పొడిగా తిరుగును.

వేడెక్కిన పిదపను దిగనిచో ఆయిలునే చూడవలెను. పాత ఇంజను ఆయిలు త్రాగుచున్నదని చిక్కని ఆయిలు పోయుట మన ప్రాంతమున వాడుక. 40 నంబరు ఆయిలు చిక్కదనము నూరు డిగ్రీల వేడిలో 12.5 నుండి 16.3 సెంటీస్టోకుల లోపల నుండవలెను. 50 నంబరుది 16.3 నుండి 21.9 లోపల. ఒక్క నంబరు మార్చినంతనే ఇంత భేదము. దానిపై చిక్కదనము పెంచు సీసా మందు కూడ పోసినచో చెప్పనక్కరలేదు. పైగా డీజిలు ఇంజనులో మసి ఆయిలుతో కలిసి, మార్చవలసిన కాలము దాటిన కొలది దానిని మరింత చిక్కపరచును. వేళ్ళమధ్య రుద్ది చూచుట కొంతవరకే పనికివచ్చును. పుస్తకములో చెప్పిన నంబరు ఆయిలును, క్రొత్త ఫిల్టరును వేసి ఒక ట్రిప్పు నడిపి చూచుట తక్కువ ఖర్చుతో కూడిన పరీక్ష. మీటరు ఫిల్టరునకు ముందు బిగింపబడిన ఇంజనులలో ఈ మార్పుతోనే ముల్లు దిగివచ్చుట కలదు. ఫిల్టరు పూడినపుడు ప్రక్కదారి తెరచుకొని వడగట్టని ఆయిలు బేరింగులకు పోవును. అది ముల్లు మీద కనబడని నష్టము.

ఇంతటితోను తగ్గనిచో రిలీఫ్ వాల్వును విప్పవలెను. మడ్డి, మసి గట్టిపడి వాల్వు తన గూటిలో ఇరుకుకొనుట ఒక కారణము. దానిని డీజిలులో కడిగి, వ్రేలితో నొక్కి చూచినపుడు తడబాటు లేక జారవలెను. రెండవ కారణము మనుష్యుడు చేసినది. దీనిని గూర్చి కొంచెము విస్తరించి వ్రాయుట అవసరము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాలలో చదువుచుండిన ఒక బాలిక తండ్రికి పాత లారీ యుండెను. వేడెక్కి నిలిచినపుడు ముల్లు మిక్కిలి క్రిందికి దిగుచుండెను. అది అరిగిన బేరింగుల లక్షణము. షెడ్డులో ఒకరు రిలీఫ్ వాల్వు స్ప్రింగు వెనుక రెండు వాషర్లు వేసి, ఇంజనును రేసు చేసి ముల్లు పైకి పోవుట చూపి పంపిరి. తండ్రి సంతోషించెను. ఇందులోని మోసము ఆలోచించినచో తెలియును. ఇంజను నెమ్మదిగా నడచునపుడు ప్రెషరు వాల్వు తెరచుకొను హద్దునకు ఎంతయో క్రింద నుండును. వాల్వు మూతబడియే యుండును. మూతబడిన తలుపును మరింత గట్టిగా బిగించినందువలన వచ్చునదేమి? రోగము యథాతథముగా నిలిచెను. హద్దు మాత్రము పోయెను. పుష్యమాసములో ఒక తెల్లవారుజామున కాయగూరల లోడుతో బండిని నడిపి వెంటనే వేగము పెంచిరి. చిక్కని ఆయిలు పోవుటకు దారి లేక ఫిల్టరు గాస్కెట్టును చీల్చుకొని రోడ్డుపాలయ్యెను. ఆయిలు లేని ఇంజను కొన్ని మైళ్ళలో పట్టివేసెను. క్రాంకు గ్రైండింగు, బేరింగులు, బోరు పని, అన్నియు కలిసి ఆ బండి విలువకు దగ్గరగా వచ్చెను. మరుసటి జూన్‌లో ఆ బాలిక మా పాఠశాలకు రాలేదు.

తక్కినది బోరు పని చేయించిన పిదప వచ్చు సమస్య. క్రొత్త బేరింగులలో సందు తక్కువగా నుండును గనుక ముల్లు పూర్వముకంటె కొంత పైన నుండుట ఆరోగ్యమే. కాని గాస్కెట్టునకు దట్టముగా పూసిన బంక లోపలికి పిండబడియు, తుడిచిన బనియన్ వేస్టు పోగులు దారులలో మిగిలియు ఆయిలును అడ్డుకొనవచ్చును. అడ్డు మీటరునకు ముందున్నచో ముల్లు దిగును. తరువాత నున్నచో ముల్లు లేచును, బేరింగు మాడును. మరమ్మతు అయిన దినమే ముల్లు మునుపెన్నడు లేనంత పైకి పోయినచో లోడు ఎక్కింపక తిరిగి షెడ్డునకు తీసికొనిపోవలెను. వాల్వు గుళ్ళు పనిచేయుచోట మూత తీసి, ఇంజను నడుచునపుడు అచ్చటికి ఆయిలు వచ్చుచున్నదో లేదో కంటితో చూడవచ్చును.

షెడ్డునకు పోవుటకు ముందు మూడు అంకెలు వ్రాసికొనవలెను: తెల్లవారి చల్లని ఇంజను నెమ్మదిగా నడచునపుడు, వేడెక్కిన పిదప నెమ్మదిగా నడచునపుడు, వేడిమీద వేగముగా నడచునపుడు. మొదటిది మాత్రమే ఎక్కువైనచో చలి వలనను, ఆయిలు వలనను కలిగినది. మూడవది మాత్రమే ఎక్కువైనచో రిలీఫ్ వాల్వును చూడవలెను. మూడును ఎక్కువైనచో తప్పు నంబరు ఆయిలో, దారిలో అడ్డో, మీటరు దోషమో యగును. ఇంజను ఆపినపుడు ముల్లు ఎచ్చట నిలిచెనో కూడ ప్రక్కన వ్రాయవలెను. తండ్రికి వ్రాత రానిచో మన పాఠశాలలో ఐదవ తరగతి చదువు పిల్లవాడు వ్రాయగలడు. ఆ చీటీని మెకానిక్కు చేతికిచ్చి, అతడు చదివిన పిదపనే పానా పట్టనీయవలెను.