కౌన్సెలింగ్ గదిలో కులం మాటేది?

డాక్టరు చదువుతున్న పిల్లలు కుంగిపోతే కాలేజీ పెద్దలు చెప్పే మాట ఒక్కటే: 'ఒత్తిడి తట్టుకోలేకపోయారు.' ఒత్తిడి లేదని మేమనడం లేదు. రెసిడెంట్ డాక్టర్లకు మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ వెయ్యొద్దని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటల దగ్గరైనా ఆపమని సిఫారసు చెయ్యాల్సి వచ్చిందంటే మొదటి ఆదేశం ఏమైందో తెలుస్తూనే ఉంది. చనిపోవాలన్న ఆలోచనలు వచ్చాయని ఆ టాస్క్‌ఫోర్స్ సర్వేలో 31 శాతం పీజీ విద్యార్థులు చెప్పారు.

నిద్రలేమి అందరిదీ. 'కోటా డాక్టరు' అన్న మాట మాత్రం మనవాళ్లకే. పొరపాటు జరిగితే అగ్రకులం పిల్లవాడు అలసిపోయాడంటారు. మనవాడైతే 'రిజర్వేషన్‌లో వస్తే ఇంతే' అంటారు. ఇది మా ఊహ కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులను హాస్టల్లో వేరుచెయ్యడాన్నీ, చదువులో వివక్షనూ థోరాట్ కమిటీ 2007లోనే నమోదు చేసింది. ముంబైలో గైనకాలజీ పీజీ చేస్తున్న ఆదివాసీ డాక్టరు పాయల్ తాడ్వీ 2019 మే 22న ప్రాణం తీసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారన్న ఆరోపణపై కేసు నమోదైంది. ముందే పెద్దలకు మొరపెట్టుకున్నామని తల్లి చెప్పింది.

మొర ఎందుకు వినపడదు? థీసిస్ మీద సంతకం పెట్టేదీ, డ్యూటీ వేసేదీ ఆ విభాగమే. ఫిర్యాదు తిరిగి చేరేదీ అక్కడికే. ఇక నోరు విప్పేదెట్లా? కౌన్సెలింగ్‌కు పోతే 'వీళ్లు తట్టుకోలేరు' అన్న ముద్ర ఇంకోటి. అవమానం చేసినవాడిని వదిలేసి, పడ్డవాడి మనసుకే మరమ్మతు చెయ్యడం వైద్యమా?

చికిత్స వద్దని మేమనం. కుంగుబాటుకు మందు, మాట రెండూ కావాలి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఉచితంగా మాట్లాడొచ్చు. అందులో సిగ్గు లేదు. కానీ కౌన్సెలర్‌తో చెప్పుకున్నది విభాగానికి చేరకూడదు. ఫిర్యాదును దళిత, ఆదివాసీ సభ్యులున్న బయటి కమిటీ వినాలి. గైడును మార్చుకునే వీలుండాలి. 1989 అట్రాసిటీ చట్టం, మన రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం చేతిలో ఉన్నాయి. వాటిని మొదటి ఏడాదే పిల్లలకు నేర్పే పని మన సంఘాలది, మన టీచర్లది. చావు తర్వాత ఊరేగింపుకు పోయే మనం, చావుకు ముందు ఆ హాస్టలు గది తలుపు తట్టాలి.