చాకు జేబులో ఉంటే చాలదు, చేతికి అందాలి

మల్లాపూర్: పలుపు మెడకు బిగుసుకుని దూడ కాళ్లు కొట్టుకుంటుంటే, చాకు ఎక్కడ పెట్టామా అని వెతకడానికి రైతుకు ఎంత వ్యవధి ఉంటుంది? చాకు లేని రైతు ఇల్లు దాదాపుగా ఉండదు. కావలసినప్పుడు అది చేతికి అందే ఇళ్లు మాత్రం తక్కువే.

ఈ మాట ఊరికే రాయడం లేదు. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా కొట్టంలోనే జరిగింది. తెల్లవారుజామున గేదె దూడ గుంజ చుట్టూ తిరిగి తిరిగి తాడు చుట్టేసుకుంది. బరువుకు ముడి ఎంత బిగిసిందంటే వేళ్లకు లొంగలేదు. నాయన "చాకు తేరా" అని కేకేశాడు. చాకు అంగీ జేబులో ఉంది, అంగీ ఇంట్లో కొయ్యకు వేలాడుతోంది. ఉరికి తెచ్చి ఇచ్చాను. అది తెరుచుకోలేదు! వానాకాలం తడికి కీలు తుప్పు పట్టింది. నాయన పళ్లతో పట్టి అలుగు లాగేసరికే దూడ నాలుక బయటపడింది. ఆ తర్వాత గేదె సరిగా చేపలేదు. దూడ పోయింది, దాంతో పాటు ఆ ఈత పాలూ పోయాయి. రెండు గేదెల సంసారానికి అది ఎంత దెబ్బో చిన్న రైతులకు వేరే చెప్పనక్కర్లేదు.

మల్లాపూర్ ఇప్పుడు పొలాల ఊరు కాదు. ఒకపక్క పారిశ్రామికవాడ, ఇంకోపక్క అపార్టుమెంట్లు. హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు పరుచుకుని ఉన్న కాలం పెద్దవాళ్ల మాటల్లోనే మిగిలింది. అయినా ఉప్పల్, నాచారం వైపు ఇళ్ల మధ్య మిగిలిన పాల కొట్టాలకు మూసీ వెంట పెంచే గడ్డి మోపులు వస్తూనే ఉంటాయి. మోపు కట్టు కోయాలి, దాణా బస్తా కుట్టు విప్పాలి, పైపు ముక్క కోయాలి, కొత్తిమీర కట్టలకు దారం తెంపాలి. ఇలా రోజుకు పదిసార్లు చాకుతో పని. ఈ మామూలు పనులకు చాకు ఎక్కడున్నా గడుస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన పూట మాత్రం అది ఉండే చోటే ముఖ్యం.

ఈ సంగతి ఎవరికీ నేర్పనక్కర్లేకుండా తెలిసినవాడు తాడిచెట్టు ఎక్కే గౌడన్న. నడుముకు మోకు, కాళ్లకు బంధం, పక్కన లొట్టి. గీత కత్తులు మాత్రం నడుముకు కట్టిన పొదిలో ఉంటాయి. చెట్టు మీద ఒక చెయ్యి పట్టుకే సరిపోతుంది. రెండో చెయ్యి వెనక్కి పోతే కత్తి పిడి దానికదే తగలాలి. కిందికి చూసి వెతికే పని ఉండకూడదు. పని కాగానే కత్తి మళ్లీ పొదిలోకే పోవాలి. 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. అవి చెట్టు మీది నుంచి పడిపోకుండా కాపాడేవి. అక్కడా సూత్రం ఒకటే. సామాను ఒంటికి కట్టి ఉండాలి, చేతులు ఖాళీగా ఉండాలి.

నేల మీద ఉన్నాం గదా అని మనం చాకును చొక్కా పైజేబులో వేసుకుంటాం. అన్నిటికంటే చెడ్డ చోటు అదే. వంగితే జారిపోతుంది. బావిలో పడితే పోయింది చాకే అనుకోవచ్చు. గడ్డి కోసే మిషన్లో పడితే బ్లేడు విరుగుతుంది, ఇనుప ముక్కలు మేతలో కలుస్తాయి. పశువు ఇనుప ముక్కను నమలకుండానే మింగుతుంది. అది లోపల పొట్టను గుచ్చి గుండె దాకా పోయే ప్రమాదం ఉంది. తువ్వాలులో చుట్టడం, అన్నం సంచిలో వెయ్యడం కూడా పనికిరాదు. సంచి గట్టు మీద ఉంటుంది, మనం మడిలో ఉంటాం.

ఎవరు ఎక్కడ పెట్టుకోవాలి

ఏ చేత్తో కోస్తామో ఆ చేతి వైపు నడుము దగ్గర, రోజూ ఒకటే చోట పెట్టుకోవాలి. ఇవాళ కుడి, రేపు ఎడమ అంటే చెయ్యి గుర్తుపట్టదు.

ప్యాంటు వేసుకునేవాళ్లు ముందు జేబులో పెట్టుకుంటే మంచిది. వెనక జేబులో పెడితే కూర్చున్నప్పుడు ఒత్తుకుంటుంది, బండి మీద జారుతుంది. ముందు జేబులోనైనా చిల్లర, తాళాలతో కలిపి వెయ్యకూడదు. తాళాల గుత్తి అలుగును పైకి లేపితే, చెయ్యి పెట్టినవాడి వేళ్లు తెగుతాయి. దర్జీకి చెప్పి జేబు లోపలే చాకు పట్టేంత సన్నటి గది ఒకటి కుట్టించుకోవాలి. చాకును అందులో నిలువుగా, కీలున్న కొస పైకి వచ్చేట్టు పెడితే మొన అడుగున ఉంటుంది. పొరపాటున కొంచెం తెరుచుకున్నా చేతికి తగలదు. అలుగు మడిచే గాడి ఉంది చూశారూ, అది జేబు వెనక కుట్టుకు ఆనుకుని ఉండాలి. కుట్టే అలుగును తెరుచుకోకుండా ఆపుతుంది.

ఇప్పుడు క్లిప్పు ఉన్న చాకులు కూడా వస్తున్నాయి. జేబు అంచుకు తగిలిస్తే అడుగుకు జారిపోవు, చేతికి వెంటనే దొరుకుతాయి. అయితే కొన్నింటిలో క్లిప్పు ఎటువైపు ఉందంటే, మొన పైకి నిలబడుతుంది. అలాంటిదైతే గాడి వెనక కుట్టు వైపు ఉందో లేదో తప్పకుండా చూసుకోవాలి.

ధోవతి, లుంగీ కట్టేవాళ్లు పాతకాలం నుంచీ రొండిన దోపుకుంటున్నారు. నడుస్తున్నంత సేపు బాగానే ఉంటుంది. గొంతుక్కూర్చుని పాలు పిండేటప్పుడు ముడి వదులై చాకు జారుతుంది. అందుకే పిడి చివర బెజ్జానికి తాడు వేసి మొలతాడుకు కడతారు. ఇక్కడ ఒక చిక్కుంది. పిడి చివర పట్టి వేలాడదీస్తే మొన పైకి, తాడు వైపుకు వస్తుంది. స్ప్రింగు వదులైన చాకైతే చెయ్యి పెట్టగానే గుచ్చుకుంటుంది. కాబట్టి పాత జీన్సు గుడ్డతోనో, తోలుతోనో బిగుతైన సన్న సంచి కుట్టించి అందులో దోపాలి. సంచిలో తెరుచుకునే చోటు లేకపోతే చాలు.

ఆడవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. కలుపు తీసేది, కూర కోసేది, కట్టలు కట్టేది ఎక్కువగా వాళ్లే. ఒకప్పుడు ముసలమ్మలు వక్కాకు సంచి రొండికి దోపుకుని, అందులో నుంచి అడకత్తెరను చూడకుండా తీసేవాళ్లు. చాకుకూ ఆ ఏర్పాటే కావాలి. పనికి పోయేటప్పుడు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు గదా, దాని కుడి పక్కన నడుము ఎత్తులో ఒక సన్న జేబు వేయిస్తే సరిపోతుంది. కొంగున ముడి వేస్తే విప్పడానికే రెండు చేతులూ కావాలి.

తాడు మాట వచ్చింది కాబట్టి ఇంకో హెచ్చరిక. చాకుకు నైలాన్ తాడు కట్టొద్దు. నూలు దారం కట్టాలి. ఎక్కడైనా చిక్కుకుంటే మనిషిని లాక్కుపోకుండా అది తెగిపోవాలి. గడ్డి మిషన్, నూర్పిడి యంత్రం, మోటారు బెల్టు దగ్గర పని ఉన్నప్పుడు ఆ దారం కూడా విప్పి పక్కన పెట్టాలి.

తెరవడం, మూయడం

చాకు చోటు కుదిరాక తెరవడం చూసుకోవాలి. మన సంతలో దొరికే చాకుల్లో చాలావాటికి అలుగు మీద గోరు పట్టే గంటు ఉంటుంది. రెండు చేతులతో తెరవాలి. ఒక చేత్తో పలుపు పట్టుకున్నవాడికి అది కుదరదు. ఒక చేత్తో తెరుచుకుని, తెరిచాక గట్టిగా లాక్ పడే చాకు కొనుక్కుంటే పది కాలాలు పనికొస్తుంది. లాక్ లేని చాకు మొనతో పొడిచి పని చేస్తే అలుగు వెనక్కి మడిచి వేళ్ల మీదే పడుతుంది.

ఫ్రాన్స్‌లో సావోయ్ అనే కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో కొయ్య పిడి మడత చాకు తయారు చేశాడు. అక్కడి రైతులకు అది జేబు నేస్తమైంది. అలుగు వేళ్ల మీద మడవకుండా దానికి 1955లో తిరిగే రింగు పెట్టారు. 2000 నుంచి జేబులో తెరుచుకోకుండా మూసిన స్థితిలోనూ ఆ రింగు బిగించే వీలు వచ్చింది. ఏ దేశమైనా రైతు వేళ్లు వేళ్లే గదా!

కీలులో కొబ్బరినూనె వెయ్యొద్దు. కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్ము పడుతుంది. కుట్టు మిషను నూనె ఒక చుక్క నెలకోసారి చాలు. పేడ, పచ్చిగడ్డి రసం తగిలినప్పుడు కడిగి, తుడిచి, ఆరిన తర్వాతే మడవాలి. మా నాయన చాకు ఎందుకు తెరుచుకోలేదో ఇప్పుడు తెలుస్తోంది. పురుగుమందు డబ్బా కోసిన చాకుతో మామిడికాయ కోసుకునే అలవాటు మానాలి.

కొన్నాక కొట్టంలో నిలబడి కళ్లు మూసుకుని తీసి, తెరిచి, మళ్లీ మూసి పెట్టడం పదిసార్లు చేసి చూడండి. ఎదుటివాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మూసేటప్పుడు అలుగు దారిలో వేలు లేకుండా చూసుకోవాలి. తెగితే సబ్బునీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి, దవాఖానకు పోయి ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజక్షన్ అవసరమో కాదో అడగాలి. పేడ మట్టిలో పని చేసేవాళ్లు దీన్ని చిన్న గాయమని వదిలెయ్యకూడదు.

ఇక దూడ మెడ దగ్గర తాడు కోసేటప్పుడు వాదర దూడ వైపు ఉండకూడదు. అలుగును పలకగా తాడు కింద దూర్చి, వాదర బయటికి తిప్పి, మన వైపు కాకుండా పక్కకు లాగాలి. వీలుంటే మెడ దగ్గర కాకుండా గుంజ దగ్గరే కోసెయ్యాలి. తాడు వదులైతే చాలు, మెడ ముడి తర్వాత విప్పుకోవచ్చు. నైలాన్ తాడు మీద మరీ నున్నగా నూరిన వాదర జారుతుంది, కొంచెం గరుకు పదును పట్టుకుంటుంది. పొట్ట ఉబ్బిన పశువును మాత్రం ఈ చాకుతో పొడవొద్దు. దానికి 1962కు ఫోన్ చేసి పశువైద్యులను పిలవాలి.

అసలు చాకు అవసరమే రాకుండా, కొస పట్టి లాగితే ఊడిపోయే ముడి గుంజకు వెయ్యడం అన్నిటికంటే మేలు. ఉప్పల్ వైపు పాల కొట్టం నడిపే ఒక పెద్దాయనను అడిగితే, "ముడి మంచిగ ఏస్తె చాకుతోని పనే పడది సార్. గని మనం ఎయ్యని ముడి పశువే ఏసుకుంటది" అన్నాడు. ఆయన కొట్టంలో గుంజకు భుజం ఎత్తున మేకు కొట్టి ఒక పాత కొడవలి ఎప్పుడూ తగిలించి ఉంచుతాడు. పిల్లలకు అందదు, రాత్రి లైటు లేకపోయినా తన చేతికి దొరుకుతుంది.

పోలీసుల భయం కూడా కొందరికి ఉంది. ఆయుధాల నిబంధనల ప్రకారం అలుగు 9 అంగుళాలకు మించి పొడవు, లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తులే ఆయుధాల పట్టికలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి అందులో మినహాయింపు ఉంది. రైతుకు మూడంగుళాల అలుగు చాలు. బటన్ నొక్కితే ఎగిరొచ్చే సినిమా చాకులు పనికిరావు, వాటితో లేనిపోని తిప్పలు. పట్నంలో సభలు, ఊరేగింపులు ఉన్న రోజుల్లో ఏ చాకైనా ఇంట్లో పెట్టి రావడమే నయం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కేటప్పుడు సంచి మిషన్లో నుంచి పోతుంది, చాకు ఉంటే ఆపుతారు. కూర అమ్మి అటునుంచి అటే మెట్రోలో పోదామనుకునేవాళ్లు చాకును తెలిసిన అంగట్లో ఇచ్చి పోవాలి.

దూడ పోయిన వారానికి నాయన పాత బూటు తోలుతో సంచి కుట్టించి మొలతాడుకు కట్టుకున్నాడు. స్నానానికి తప్ప తీసేవాడు కాదు. పెళ్లిళ్లకు కూడా దాంతోనే వచ్చేవాడు, అమ్మ ఎంత చెప్పినా వినేవాడు కాదు.